ముదురాకు, రూబిస్కో, మామిడి: తేలినవి, తేలనివి

నూజివీడు, ఆగిరిపల్లి, చాట్రాయి, ముసునూరు ప్రాంతాల్లో ఒకే ఎర్ర నేల మీద, ఒకే ఎండలో రకరకాల చెట్లు రకరకాల ఆకులతో బతుకుతున్నాయి. మామిడి ఆకు దళసరిగా ఉండి, ఏడాది దాటినా కొమ్మను వదలదు. పొలం గట్టు మీది టేకు వెడల్పాటి ఆకు వేసి, ఎండలు ముదిరేలోపు రాల్చేస్తుంది. కాగితం మిల్లుల కోసం పెంచే సుబాబుల్ సన్నటి, మెత్తటి ఆకును వేస్తూ, రాలుస్తూ ఉంటుంది. కొండపల్లి అడవుల్లో బొమ్మలకు కలప ఇచ్చే తెల్లపొణికి వానలు పోయాక బోడిగా నిలబడుతుంది. ఇన్ని రకాల ఆకులు ఎందుకు? ఆకు మందానికీ, బతికే కాలానికీ, లోపల గాలిని పిండిపదార్థంగా మార్చే ఎంజైమ్‌లకూ ఉన్న లంకె ఏమిటి?

వృక్షశాస్త్రం నలభై ఏళ్లకు పైగా ఈ ప్రశ్న మీద వాదించుకుంటోంది. మొదట్లో తేలిగ్గా తేలిపోయేలా కనిపించింది. కొలతలు పెరిగేకొద్దీ చిక్కుబడింది. ఇప్పుడు ఈ వాదం తోటల్లోకీ వచ్చింది. ఏ రకం ఆకు ఎక్కువ పని చేస్తుంది, ఎంత దగ్గరగా మొక్కలు పెట్టవచ్చు, ఎండలు పెరిగితే ఏ చెట్టు నిలుస్తుంది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్లు ఈ వాదాల్లో ఏదో ఒక పక్షాన్ని, తెలిసో తెలియకో, ఆధారం చేసుకుంటున్నారు. అందుకే లెక్క తీసి చూడాల్సి వచ్చింది.

మొదలు: నత్రజని లెక్క

ఆకులో జరిగే పనికి మూలస్తంభం రూబిస్కో అనే ఎంజైమ్. 1947లో శామ్ వైల్డ్‌మన్, జేమ్స్ బానర్ ఆకు రసంలోంచి ఒక పెద్ద ప్రొటీన్‌ను విడదీసి, అదేమిటో తెలియక ‘ఒకటో భాగం’ అని పేరు పెట్టారు. రూబిస్కో అదేనని తరవాత తేలింది. ఎనిమిది పెద్ద ముక్కలు, ఎనిమిది చిన్న ముక్కలు కలిసిన ఈ ప్రొటీన్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెర తయారీలోకి పంపుతుంది. పని మాత్రం చాలా నెమ్మది. ఆకులోనే ఉండే కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ లాంటి ఎంజైమ్ సెకనుకు లక్షల అణువుల్ని మారుస్తుంటే, రూబిస్కో మూడు నాలుగింటితో సరిపెట్టుకుంటుంది. పైగా కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకునే పొరపాటు కూడా దీనికి అలవాటు. ఎండ వేడి పెరిగేకొద్దీ ఆ పొరపాటూ పెరుగుతుంది. నెమ్మదితనాన్ని పూడ్చుకోవడానికి మొక్క దీన్ని కుప్పలుగా తయారు చేసుకుంటుంది. భూమ్మీద అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న ప్రొటీన్ ఇదేనని చాలాకాలంగా ప్రచారంలో ఉన్న మాట.

ప్రొటీన్ అంటే నత్రజని. ఆకులోని నత్రజనిలో మూడొంతుల దాకా హరితరేణువుల్లోనే ఉంటుందని 1989లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ ఎవాన్స్ లెక్క కట్టాడు. అంతకు మూడేళ్ల ముందు క్రిస్ ఫీల్డ్, హెరాల్డ్ మూనీ రకరకాల మొక్కల కొలతలు కూర్చి, నత్రజని ఎక్కువైతే కిరణజన్య సంయోగక్రియ వేగం ఎక్కువవుతుందని చూపారు. 1980లో ఫార్కర్, వాన్ కేమరర్, బెర్రీ ఇచ్చిన గణిత నమూనా ఈ పక్షానికి వెన్నెముక. ఆకు బయటి గాలిలో మార్పు కొలిచి, లోపల రూబిస్కో ఎంత బలంగా పని చేయగలదో లెక్క కట్టే పద్ధతి దీనితోనే వచ్చింది. ఇవాళ్టికీ ఆకు మీద బిగించే యంత్రాలు ఆ నమూనాతోనే అంకెలు ఇస్తున్నాయి.

నత్రజని ఉంటే రూబిస్కో, రూబిస్కో ఉంటే వేగం. ఇది తొలి పక్షం. పంట మొక్కల్లో బాగానే కుదిరింది. చెట్ల దగ్గరకొచ్చేసరికి తడబడింది. సమానమైన నత్రజని ఉన్న రెండు చెట్ల ఆకులు సమానంగా పని చేయలేదు. దళసరి ఆకుల చెట్లు, ముఖ్యంగా ఏడాది పొడవునా పచ్చగా ఉండేవి, ఉన్న నత్రజనికి తగినంత పని చూపించలేదు.

ఆకు పెట్టుబడి సిద్ధాంతం

ఈ తడబాటుకు జవాబు ఆకు ఆయుష్షు దగ్గర దొరికింది. 1982లో చాబొట్, హిక్స్ ఆకు బతుకు కాలాన్ని ఖర్చు, రాబడి లెక్కలో చూడమన్నారు. ఆకు కట్టడానికి చెట్టు పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటే, నెమ్మదిగా సంపాదించే ఆకు ఎక్కువకాలం బతకాలి. ఎక్కువకాలం బతకాలంటే గట్టిగా ఉండాలి. గట్టిగా ఉంటే వేగం తగ్గుతుంది. 1997లో పీటర్ రైక్ బృందం ఉష్ణమండలం నుంచి ధ్రువప్రాంతం దాకా ఇదే వరస కనిపిస్తోందని చూపింది. 2004లో ఇయాన్ రైట్, మరెందరో కలిసి 175 చోట్ల 2,548 జాతుల కొలతలతో దాన్ని ప్రపంచ సూత్రంగా నిలబెట్టారు. ‘ఆకు ఆర్థిక వర్ణపటం’ అన్న పేరు అప్పుడే స్థిరపడింది.

ఆ పట్టిక చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక నెల నిండకుండా రాలే ఆకులూ, 24 ఏళ్లు కొమ్మ మీద ఉండే ఆకులూ ఉన్నాయి. ఎండు బరువు చూస్తే చదరపు మీటరుకు 14 గ్రాముల ఆకు నుంచి 1,500 గ్రాముల ఆకు దాకా ఉన్నాయి. నత్రజని 0.2 శాతం నుంచి 6.4 శాతం దాకా. ఇంత వైవిధ్యంలోనూ ఆరు లక్షణాల తేడాల్లో 74 శాతాన్ని ఒకే ఒక్క గీత మీద పేర్చగలిగారు. ఒక చివర చవకగా కట్టి, వేగంగా సంపాదించి, తొందరగా రాల్చే ఆకులు. ఇంకో చివర ఖరీదుగా కట్టి, నిదానంగా సంపాదించి, ఏళ్ల తరబడి ఉంచుకునే ఆకులు. వాతావరణం ఈ గీతను కదిపిన మేర తక్కువే కావడం చాలామందికి మింగుడుపడలేదు.

మన చెట్లు ఈ గీత మీద చక్కగానే కూర్చుంటాయి. సుబాబుల్ ఆకులో నత్రజని 3 శాతం పైమాటే. పశువుల మేతగా దానికున్న గిరాకీ అందుకే. మామిడి ముదురాకులో 1 శాతానికి కాస్త ఎక్కువ ఉంటే పోషణ సరిపోయినట్టు లెక్క. పండగనాడు కట్టిన మామిడి తోరణం రోజుల తరబడి వాడినా నలగకుండా, ముక్కలు కాకుండా గుమ్మానికి వేలాడటం వెనక ఉన్నది ఈ గట్టితనమే. సుబాబుల్ రెమ్మ గంటల్లో ముడుచుకుపోతుంది. జాతుల మధ్య తేడాను చెప్పడానికి ఈ సిద్ధాంతం బలమైనది. వారణాసిలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వింధ్య ప్రాంతపు ఎండు అడవుల చెట్లలో ఆకు లక్షణాలకూ పెరుగుదలకూ లంకె చూపిన పని కూడా ఈ దారిలోదే. కొండపల్లి అడవులూ ఆ తరహా ఆకు రాల్చే ఎండు అడవులే.

బరువు లెక్కా, వైశాల్యం లెక్కా?

2013లో ఈ మేడ పునాది మీదే దెబ్బ పడింది. జాన్ లాయిడ్ బృందం ఒక వైపు, జీన్ ఆస్నస్ బృందం మరో వైపు ఒకే అభ్యంతరం చెప్పారు. వేగాన్నీ, నత్రజనినీ ఆకు బరువుతో భాగించి గీత గీస్తే, రెంటిలోనూ ఉన్న బరువు వల్లే సంబంధం పుట్టుకొస్తుంది. అది ప్రకృతి నియమం కానక్కరలేదు అని. ఆకు ఎండను పట్టేది బరువుతో కాదు, వైశాల్యంతో. కాబట్టి చదరపు మీటరుకు లెక్క కట్టాలి. అలా కడితే ఆ గొప్ప గీత చాలావరకు పలచబడిపోతుంది.

ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక ఆకు చదరపు మీటరుకు 60 గ్రాములు, నత్రజని 2.5 శాతం. ఇంకొకటి 120 గ్రాములు, నత్రజని 1.25 శాతం. శాతం చూసినవాడు మొదటి ఆకులో రెట్టింపు నత్రజని ఉందంటాడు. చదరపు మీటరుకు చూస్తే రెంటిలోనూ ఉన్నది 1.5 గ్రాములే. రెండో ఆకు పేదది కాదు, మందమైనది. అంతే.

రైట్, రైక్, వెస్ట్‌బీ పక్షం దీనికి జవాబు చెప్పింది. చెట్టు పెట్టుబడి పెట్టేది బరువులోనే కనుక బరువు లెక్క అర్థవంతమేనని వాళ్ల వాదన. ఇద్దరి మాటలోనూ పస ఉంది. ఖర్చు ప్రశ్నకు బరువు, ఎండ ప్రశ్నకు వైశాల్యం. అయితే తోట విషయంలో మాత్రం రెండోదే ఎక్కువ అక్కరకొస్తుంది. ఎకరా మీద పడే ఎండ మారదు. దాన్ని ఎంత ఆకు పరిచి పట్టుకున్నాం అన్నదే లెక్క. ఆకు పరీక్షలో వచ్చే నత్రజని శాతం ఎరువు నిర్ణయానికి పనికొస్తుంది గాని, రెండు రకాల పనితనాన్ని పోల్చడానికి ఒక్కటే సరిపోదు. ఈ తేడాను మరిచిపోయిన పోలికలు తరచూ కనిపిస్తాయి.

గోడలా, గాలి దారులా?

దళసరి ఆకు నత్రజనికి తగ్గ పని ఎందుకు చూపదు? దీనికి మూడు జవాబులున్నాయి. మూడింటి మధ్యా పోటీ ఇంకా నడుస్తోంది.

మొదటిది పంపకం వాదం. ఆకు గట్టిపడాలంటే కణాల గోడలు మందంగా కట్టాలి. ఆ గోడల్లోకి నత్రజని పోతే రూబిస్కోకు మిగిలేది తక్కువ. 2004లో జపాన్ శాస్త్రవేత్తలు తకాషిమా, హికోసాకా, హిరోసే ఆకు రాల్చే ఓక్ చెట్లనూ, రాల్చని ఓక్ చెట్లనూ పోల్చి ఈ మాటే చెప్పారు. అయిదేళ్లకు హారిసన్ బృందం దానికి అడ్డుపడింది. దళసరి ఆకుల గోడల్లో ఉన్న నత్రజనితో ఈ తేడాలో కొద్ది భాగమే తేలుతుందని వాళ్ల కొలత.

రెండోది దారి వాదం. పత్రరంధ్రంలోంచి లోపలికొచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఇంకా కణం గోడ దాటాలి, పొరలు దాటాలి, అప్పుడు గాని హరితరేణువు చేరదు. గోడ మందమైతే ఆ ప్రయాణం కష్టం. రూబిస్కో దండిగా ఉన్నా గాలి అందక పస్తుంటుంది. స్పెయిన్ శాస్త్రవేత్త ఫ్లెక్సాస్, ఎస్టోనియా శాస్త్రవేత్త నీనిమెట్స్ ఈ పక్షాన బాగా పని చేశారు. 2017లో ఒనోడా బృందం లోకంలోని కొలతలన్నీ కూర్చి చూస్తే, మందమైన ఆకుల్లో గోడల వాటా పెరగడం, రూబిస్కోకు చేరే నత్రజని వాటా తగ్గడం, గాలి దారి ఇరుకవడం మూడూ కలిసే కనిపించాయి. నేటికి చెప్పగలిగిన మాటల్లో నిలకడైనది ఇదే.

మూడోది నిల్వ వాదం. వారెన్, ఆడమ్స్ 2004లో సూటిగా అన్నారు: పచ్చని చెట్లు ఆ క్షణపు వేగం కోసం ఆకును కట్టవు. వాటిలో రూబిస్కో కొంత మేర ఊరికే నిల్వ ఉంటుంది, చైతన్యం లేకుండా. అవసరమైనప్పుడు దాన్ని కరిగించి కొత్త చిగురుకు నత్రజనిగా పంపడానికి. మామిడికి ఈ మాట ఎంత వర్తిస్తుందో ఎవరైనా తోటలో పట్టుగా కొలిస్తే బాగుండును. దఫదఫాలుగా చిగురించే చెట్టు, పాత ఆకును రాల్చకుండా ఉంచుకునే చెట్టు కనుక, ఇక్కడ ఆ వాదానికి మంచి పరీక్ష దొరుకుతుంది.

ఎంజైమే వేరా?

ఇంతదాకా రూబిస్కో ఎంత అన్నదే మాట. ఎలాంటి రూబిస్కో అన్నది ఇంకో పాయ. చెట్టు చెట్టుకూ ఈ ఎంజైమ్ గుణమే మారుతుందా?

2006లో టెర్కెజ్, ఫార్కర్, ఆండ్రూస్ ఒక గట్టి మాట చెప్పారు. రూబిస్కో వేగంగా పని చేస్తే పొరపాట్లు ఎక్కువ చేస్తుంది, పొరపాటు లేకుండా చేస్తే నెమ్మదిస్తుంది. ప్రతి జీవిలోనూ ఉన్నంతలో మేలైన రాజీయే ఉందని. ఈ మాట చాలా ఏళ్లు చెల్లింది. 2019లో ఫ్లామ్‌హోల్జ్ బృందం అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ కొలతలతో మళ్లీ చూస్తే, ఆ బిగువు చాలావరకు సడలింది. అటు గాల్మేస్ బృందం 2005లోనే మధ్యధరా సముద్రంలోని బలియారిక్ దీవుల మొక్కల్లో పొడి నేలలవీ, ఆకు నిలుపుకునేవీ పొరపాటు తక్కువ చేసే రూబిస్కో వైపు మొగ్గుతాయని చూపింది. అంటే పరిసరాల ఒత్తిడి ఎంజైమ్ దాకా చేరుతోందన్నమాట.

జాతుల మధ్య ఇది నిజమే కావచ్చు. రకాల మధ్య? రూబిస్కో పెద్ద ముక్కకు చెందిన జన్యువు హరితరేణువులోనే ఉంటుంది. అది ఒక జాతి లోపల దాదాపు మారదు. అందుకే మొక్కల జాతుల్ని గుర్తుపట్టే డీఎన్ఏ బార్‌కోడ్‌లలో దాన్ని ఒకటిగా ఎంచుకున్నారు. బంగినపల్లిలో ఒక రూబిస్కో, చిన్న రసంలో మరో రూబిస్కో ఉంటాయని వెతకడం మేలైన దారి కాదు. తేడా ఉంటే ఆ ఎంజైమ్ మోతాదులో ఉండాలి, దాన్ని మేల్కొలిపే ఏర్పాటులో ఉండాలి, లేదా కాయ ఆకు నుంచి చక్కెరను లాగే బలంలో ఉండాలి.

ఆ మేల్కొలిపే ఏర్పాటు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నూజివీడుకు అదే అసలు ప్రశ్న కావచ్చు. రూబిస్కో చక్కెర ముక్కలు అడ్డుపడి మూసుకుపోతుంటుంది. దాన్ని తెరిచేది రూబిస్కో యాక్టివేజ్ అనే మరో ప్రొటీన్. 1980లలో దీన్ని కనిపెట్టిన వాళ్లలో ఒకరైన సాల్వూచి, తరవాత క్రాఫ్ట్స్-బ్రాండ్నర్‌తో కలిసి, వేడికి ముందు చేతులెత్తేసేది రూబిస్కో కాదు, యాక్టివేజ్ అని చూపాడు. రూబిస్కో 50 డిగ్రీల దగ్గర కూడా నిలదొక్కుకుంటుంది. యాక్టివేజ్ చాలా మొక్కల్లో 40 చేరకముందే సన్నగిల్లుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. అలాంటి మధ్యాహ్నం కాయ మోస్తున్న కొమ్మ మీది ఆకులో రూబిస్కో ఉండీ పని చేయని స్థితి రావచ్చు. ఇక ఆకు లోపలి వెలుగు యంత్రాంగానికే హద్దు ఉంది. ఉష్ణమండలపు చెట్లలో సగటున 46.7 డిగ్రీల దగ్గర అది దెబ్బతినడం మొదలవుతుందన్నది 2023లో డౌటీ బృందం ముందుకు తెచ్చిన అంకె. ఇది ఆకు వేడి, గాలి వేడి కాదు. ఎండలో నీరు చాలక రంధ్రాలు మూసుకున్న ఆకు గాలికన్నా వేడెక్కుతుంది.

ఒకే చెట్టులో లోకమంతా

మామిడి దగ్గరికొచ్చాక వాదాలన్నీ తలకిందులవుతాయి. కారణం స్పష్టమే. పై సిద్ధాంతాలు జాతుల మధ్య తేడాలు చెప్పేవి. తోటలో ఉన్నది ఒకే జాతి.

రీయూనియన్ దీవిలో ఫ్రెంచి శాస్త్రవేత్త లోరాన్ ఊర్బాన్, తోటివాళ్లు మామిడి చెట్టు కొమ్మల్ని అంకెల రూపంలో పటం గీసి, ఏ ఆకు మీద ఎంత వెలుగు పడుతోందో లెక్కకట్టి, 2003లో ఫలితాలు ఇచ్చారు. వెలుగు ఎక్కువ తగిలే ఆకులో చదరపు మీటరుకు నత్రజని ఎక్కువ. గ్రాముకు లెక్కిస్తే ఆ సంబంధం కనబడదు. వెలుగు వైపున ఉన్న ఆకు మందంగా తయారై, ఆ మందంతోపాటు పనితనాన్నీ పెంచుకుంటోంది. జాతుల మధ్య మందం పెరిగితే గ్రాముకు వేగం తగ్గుతుందన్నది పెట్టుబడి సిద్ధాంతం. ఒకే మామిడి చెట్టులో మందం పెరిగితే చదరపు మీటరుకు పనితనం పెరుగుతోంది. ఈ రెండూ ఒకేసారి నిజం. 2018లో ఆస్నస్ బృందం జాతుల మధ్య తేడాలను నడిపే శక్తులూ, జాతి లోపల తేడాలను నడిపే శక్తులూ వేరువేరని విడమర్చాక ఈ ముడి కొంత వీడింది. ఒక వరసలో ఆయుష్షు నడుపుతుంది, ఇంకో వరసలో నీడ నడుపుతుంది.

చిగురును దగ్గరగా చూస్తే ఇంకో చిక్కు. కొత్తగా వేసిన మామిడి చిగురు రాగిరంగులో, తడిగుడ్డలా వేలాడుతూ ఉంటుంది. వేళ్ల మధ్య పట్టుకుంటే మెత్తగా జారుతుంది. రోజులు గడిచేకొద్దీ లేత ఆకుపచ్చగా మారి, ఇంకొన్ని రోజులకు ముదురు రంగు తెచ్చుకుని గట్టిపడుతుంది. మొదటి దశలో అది చెట్టుకు సంపాదించి పెట్టదు, పాత ఆకుల సంపాదన తింటుంది. పనామా అడవుల్లో పని చేసిన కుర్సార్, కోలీ 1992లో ఇలా పచ్చదనం ఆలస్యంగా తెచ్చుకునే చెట్ల లేత ఆకుల్లో రూబిస్కో చాలా తక్కువని చూపారు. పురుగులు ఎలాగూ తినేసే దశలో ఖరీదైన ప్రొటీన్ పెట్టడం దండగ అన్నది వాళ్ల వివరణ. ఎర్రరంగు ఎండ తీవ్రత నుంచి కాపాడే గొడుగని మరో పక్షం అంటుంది. మామిడి చిగురును కత్తిరించి పడేసే పెంకుపురుగును చూసినవాళ్లు మొదటి వివరణ వైపే మొగ్గుతారు. ఒకదాన్ని ఒప్పుకుంటే మరొకదాన్ని కొట్టేయాలన్న పట్టింపు అక్కరలేదు.

ఇక కాయ. ఊర్బాన్ బృందమే, ఎదుగుతున్న కాయల దగ్గరున్న ఆకుల పనితనం దూరంగా ఉన్న ఆకుల పనితనానికి భిన్నమని చూపింది. 2007లో కొమ్మ బెరడు వలయంగా ఒలిచి చూశారు. చక్కెర బయటికి పోయే దారి తెగడంతో ఆకు తన పని తానే తగ్గించుకుని, పడే ఎండను వేడిగా వదిలేయడం మొదలుపెట్టింది. 2008లో పూత సమయంలో పక్క ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియ తగ్గుతోందని చూపారు. ఆకు పనిని ఆకు ఒక్కటే నిర్ణయించదు. లాగే నోరు ఉంటేనే తయారీ. ఏడు విడిచి ఏడు కాపు వచ్చే రసాలలో, కాపు ఉన్న ఏట ఆకునూ కాపు లేని ఏట ఆకునూ ఒకే గాట కట్టి కొలిస్తే, తేడా రకానిదా కాయదా అన్నది తెలియదు.

పూత కోసం పాదుల్లో పోసే పాక్లోబ్యూట్రజాల్ ఈ లెక్కలో ఇంకో పాత్రధారి. అది జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోన్ తయారీని ఆపి కొమ్మ సాగకుండా చేస్తుంది. ఆకులు చిన్నవై, దళసరిగా, ముదురు పచ్చగా కనబడతాయి. ఆ ముదురు రంగును ఆకు బలానికి గుర్తుగా తీసుకోవడం తొందరపాటు. చిన్న ఆకులో అంతే పత్రహరితం కుదించుకుంటే పచ్చదనం కొలిచే చేతి మీటరు ఎక్కువ అంకె చూపుతుంది. చెట్టు మొత్తం ఆకు వైశాల్యం తగ్గిన సంగతి ఆ మీటరుకు తెలియదు.

తేనెమంచు పురుగు వదిలిన జిగట మీద మసి తెగులు పట్టిన ఆకును గోటితో గీరితే నల్లటి పొర పొరగా ఊడి, కింద ఆకు పచ్చగానే కనిపిస్తుంది. ఎంజైమ్‌కు ఏమీ కాలేదు, వెలుగే చేరడం లేదు. పూత వేళ తోటలో ఆకు పనితనం పడిపోవడానికి ఈ మసి ఎంత, ఎంజైమ్ ఎంత అని విడదీయకుండా తీసిన కొలత ఎందుకూ కొరగాదు.

దగ్గర దగ్గరగా మొక్కలు పెట్టే పద్ధతిలోనూ వెలుగు లెక్కే ముఖ్యం. పాత పద్ధతిలో పది మీటర్ల ఎడంతో ఎకరాకు 40 చెట్లు. అయిదు మీటర్ల ఎడంతో 160. మొదటి ఏళ్లలో ఆకు త్వరగా నేలను కప్పుతుంది, దిగుబడీ త్వరగా వస్తుంది. కొమ్మలు కలిశాక లోపలి ఆకులు నీడలో పలచబడతాయి, వాటి పనితనం పడిపోతుంది. దగ్గరగా నాటిన తోటలో కొమ్మల కత్తిరింపు మానితే చెట్ల సంఖ్య లాభం ఎన్నాళ్లు నిలుస్తుందో ఊర్బాన్ చూపిన వెలుగు, నత్రజని సంబంధాన్ని చూసి ఊహించవచ్చు. దషేరి, నీలం కలిపి తీసిన ఆమ్రపాలిలాంటి పొట్టి రకాలను ఇలాంటి తోటలకు సూచించడం వెనక ఉన్న తర్కం ఇదే.

తెలుగువాళ్ల కృషి

ఈ శాస్త్రంలో మనవాళ్ల వాటా చిన్నదేమీ కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్ 1970లలో కిరణజన్య సంయోగక్రియలో మొక్కల మధ్య తేడాల మీద ఒక తరాన్ని తయారు చేశారు. ఆ తరంలోని వాడే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పని చేసిన ఆగేపాటి రాఘవేంద్ర. చెట్ల విషయంలో మనకు ఎక్కువ దగ్గరది అట్టిపల్లి రామచంద్రారెడ్డి బృందం చేసిన పని. మల్బరీ రకాలను వేడిలో, నీటి ఎద్దడిలో పెట్టి ఆకు వేగంతోపాటు ఎంజైమ్‌ల చురుకుదనాన్నీ వాళ్లు కొలిచారు. ఒకే జాతి రకాలు ఎద్దడికి ఒకేలా స్పందించవని తేల్చారు. తరవాత కార్బన్ డయాక్సైడ్ పెంచిన గదుల్లో గుమ్మడిటేకును పెంచి, అది మిట్టమధ్యాహ్నపు వెలుగు దెబ్బను మామూలు గాలిలోకన్నా మేలుగా తట్టుకుందని 2011లో ప్రకటించారు.

మల్బరీకి జరిగింది మామిడికి ఇంత లోతుగా జరగలేదు. మల్బరీ ఆకే పంట. మామిడిలో కాయ పంట. ఆకు మీద శ్రద్ధ తగ్గడానికి ఇది కొంత కారణం. చెట్టు పెద్దది, యంత్రం పైకొమ్మ దాకా మోయాలి, ఒక్కో ఆకుకు నిమిషాలు పడుతుంది అన్న పని కష్టం ఇంకో కారణం.

పక్కపక్కన పెడితే

నత్రజని పక్షం పంట మొక్కలకు బలంగానూ, దళసరి ఆకు చెట్లకు బలహీనంగానూ నిలిచింది. పెట్టుబడి పక్షం అడవిలోని జాతులను పోల్చడానికి ఇప్పటికీ సాటిలేనిది. ఒకే జాతి తోటలో దాన్ని వాడితే తప్పుదారి పట్టిస్తుంది. బరువు, వైశాల్యం తగాదాలో గెలుపు ఎవరిదీ కాదు, ప్రశ్నను బట్టి లెక్క మారుతుంది. గోడ, దారి, నిల్వ వాదాల్లో మొదటి రెండూ కలిసిపోతున్నాయి, మూడోది పరీక్షకు ఎదురుచూస్తోంది. ఎంజైమ్ గుణం జాతుల మధ్య ముఖ్యం, రకాల మధ్య అంత కాదు.

గత పదేళ్లలో వీటన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చే ప్రయత్నం ఒకటి బలపడింది. కాలిన్ ప్రెంటిస్, నిక్ స్మిత్ లాంటివాళ్ల మాట ప్రకారం, చెట్టు తనకు దొరికే వెలుగు, వేడి, తేమ చూసుకుని నీటి ఖర్చు, నత్రజని ఖర్చు కలిపి తక్కువయ్యేలా ఆకు పనితనాన్ని సర్దుకుంటుంది. నేలలోని నత్రజని ఆ పనితనాన్ని నిర్ణయించే యజమాని కాదు, చెట్టు అవసరాన్ని బట్టి వాడుకునే సరుకు. ఈ మాట నిజమైతే ఎరువు పెంచి ఆకు వేగం పెంచుదామన్న ఆశకు హద్దు ఉంది. మామిడిలో నత్రజని అతిగా వేస్తే చిగురు పెరిగి పూత తగ్గుతుందని రైతులకు ఎప్పటినుంచో తెలుసు. ఈ సిద్ధాంతం కూడా అదే హెచ్చరిక చేస్తోంది.

తేలనివి

భాస్వరం సంగతి ఇంకా తేలలేదు. భాస్వరం తక్కువైనచోట నత్రజని పెరిగినా వేగం అంతగా పెరగదని 2009లో రైక్ బృందం చూపింది. ఎర్ర నేలల్లో ఈ ప్రశ్న ఊరికే పోయేది కాదు. మామిడి యాక్టివేజ్ ఎంత వేడి దాకా నిలుస్తుంది, మే నెల ఎండల మధ్య పుట్టిన ఆకు చలికాలపు ఆకుకన్నా గట్టిగా అలవాటుపడుతుందా అన్నది ఇంకోటి. చిన్న రసం, పెద్ద రసం, చెరుకు రసం, బంగినపల్లి, కలెక్టర్ రకాల ఆకులు ఒకే తోటలో ఒకే వయసులో నిజంగా వేరా, లేక కాపు భారమే వాటిని వేరుగా చూపుతోందా అన్నది మూడోది.

ఈ మూడో ప్రశ్నకు జవాబు ఖరీదైనది కాదు. నూజివీడు మామిడి పరిశోధన స్థానం లాంటి చోట, రకాలన్నీ ఒకే నేల మీద దొరికే చోట, రెండు కాపుల కాలం పట్టుదలగా కొలిస్తే చాలు. కొమ్మ మధ్యలో నాలుగు నుంచి ఏడు నెలల వయసున్న ఆకును పోషకాల పరీక్షకు తీసుకునే పద్ధతి మనకు అలవాటే. ఎంజైమ్ కొలతకూ ఆ క్రమశిక్షణే కావాలి. మామిడి తోటలు కొట్టేసి ఆయిల్‌పామ్, జామాయిల్ వేస్తున్న ఈ రోజుల్లో, ఏ చెట్టు ఈ ఎండను ఎలా వాడుకుంటుందో చెప్పే మన సొంత అంకెలు లేకుండా నిర్ణయాలు తీసుకోవడం మంచిది కాదు. ఆకు వయసు, అది వెలుగులో ఉందా నీడలో ఉందా, పక్కన కాయ ఉందా లేదా, చదరపు మీటరుకు దాని బరువెంత అన్న నాలుగు వివరాలూ లేని కొలతను రకాల పోలికకు వాడకూడదు. అలాంటి అంకె చూపి ఒక రకాన్ని మెచ్చుకునేవాళ్లను రైతులు ముందు ఆ నాలుగూ అడగాలి.